ఫోర్తునాతా పొయ్యి, కాసిమీరో రాళ్ళు

మా దేశానికి సముద్రం లేదు. తాతముత్తాతల కాలంలో జరిగిన యుద్ధంలో పోయింది. పోయినదాని కోసం ఏటా మార్చి నెలలో ఊరూరా బ్యాండు మేళంతో ఊరేగి ఏడుస్తాం. సరస్సులో తిరిగే నౌకాదళం తెల్లబట్టలు వేసుకుని ముందు నడుస్తుంది. బడిపిల్లలు నీలం గుడ్డలు ఊపుతారు. ఎవరో ఒక మంత్రి గొంతు జీరబోయేదాకా మాట్లాడతాడు. తరవాత అందరూ బీరు తాగడానికి పోతారు. మా ఊరు తోలాపంపాలో ఆ రోజు ఏడవని మనిషి ఫోర్తునాతా ఒక్కతే. ఆ రోజు ఆవిడకి చేతినిండా పని.

"పోయింది, పోయింది అని ఏడ్చేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది" అనేది, మిరపకాయలు నూరుతూ. "ఉన్నదాన్ని ఏం ఉద్ధరించారు? ఉన్న రోడ్డు మీద గుంటలు పూడ్చుకోవడం చేతకాదు గానీ, సముద్రం కావాలట వీళ్ళకి!"

ఉన్నది ఆ రోడ్డే. గోధుమపిండి దగ్గర్నుంచి లారీ టైర్ల దాకా, అరికా రేవులో దిగిన సరుకంతా కొండలెక్కి, సరిహద్దు దాటి, తోలాపంపా మీదుగానే పైకి పోయేది. కిందికి పోయే సరుకుదీ అదే దారి. ఊపిరి అందని ఎత్తు, పొద్దున్నే గడ్డకట్టే నీళ్ళు, కనుచూపు మేరా తోలా పొదలు. అక్కడ ఆగిన డ్రైవరుకి కావలసింది కడుపులోకి వేడిగా ఏదైనా. ఫోర్తునాతా దగ్గర వేరుశెనగ సూపు ఉండేది, ఎండబెట్టిన లామా మాంసం ఉండేది, మంచుకి ఎండి నల్లబడ్డ దుంపలు ఉండేవి, రాతి మీద నూరిన కారం ఉండేది. తినగా మిగిలిన రొట్టెల్ని డ్రైవర్లు కిటికీలోంచి కుక్కలకి విసిరి పోయేవాళ్ళు. చలిలో వరసగా కూర్చుని లారీల కోసం ఎదురుచూసే కుక్కలు మా రోడ్ల పొడుగునా ఉంటాయి. వాటికి రొట్టె వేస్తే లోయ దిగేటప్పుడు బ్రేకులు మోసం చేయవని డ్రైవర్ల నమ్మకం.

ఆవిడ పుట్టింది రైలు పట్టాల పక్కన. తండ్రి పట్టాల కూలీ. తల్లి రైలు ఆగినప్పుడల్లా కిటికీల కిందికి పరిగెత్తి సూపు అమ్మేది. ఒకరోజు రైలు రావడం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పినవాడు లేడు. స్టేషన్ మాస్టారు మాత్రం టోపీ పెట్టుకుని చాలాకాలం ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాడు, పచ్చజెండా చంకలో పెట్టుకుని. తల్లి ఆయన మొహం చూసి, "ఈ మగాళ్ళకి చచ్చినదాని పక్కన నిలబడటం మహా ఇష్టం" అని, కుండని రంగుల దుప్పట్లో వీపుకి కట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని లారీల రోడ్డుకి నడిచింది. ఫోర్తునాతాకి చదువు అంటూ అబ్బింది ఆ ఒక్క మాటే.

అలాంటి మనిషికి అలాంటి మొగుడు ఎలా దొరికాడని ఎవరైనా అడిగితే, "లారీలోంచి దిగాడు, మళ్ళీ ఎక్కడం మర్చిపోయాడు" అనేది.

కాసిమీరో ఒకప్పుడు డ్రైవరు. మంచి డ్రైవరేనని ఫోర్తునాతా కూడా ఒప్పుకుంటుంది, ఆ ఒక్కటీ ఒప్పుకుంటుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి అరికా వెళుతుంటే, దారిలో తినమని వాళ్ళమ్మ జున్నుగడ్డ కట్టిచ్చింది. అవతలి దేశంవాళ్ళు పాలూ పళ్ళూ మాంసం లోపలికి రానివ్వరు. సరిహద్దు దగ్గర చెత్తడబ్బాలో వేసి పోవలసిందే. ఇది మా వైపు చంటిపిల్లలకి కూడా తెలుసు. కాసిమీరోకీ తెలుసు, తెలిసే సీటు కింద దాచాడు. అక్కడి ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని రెండు వేళ్ళతో పైకెత్తి, మొహం చిట్లించి డబ్బాలో పడేసింది. క్యూలో ఉన్న డ్రైవర్లు పగలబడి నవ్వారు.

జరిగింది అంతే. ఇంటికొచ్చి లారీ తాళాలు యజమాని మొహాన కొట్టి, కాసిమీరో నాయకుడైపోయాడు. మొదట్లో సభల్లో "నా అన్నం చెత్తలో వేశారు" అనేవాడు. కొన్నాళ్ళకి "మా అమ్మని అవమానించారు" అన్నాడు. ఏడాది తిరిగేసరికి జున్ను కాస్తా జెండా అయింది. "మన జెండాని చెత్తలో వేస్తుంటే నేనొక్కణ్ణే అడ్డం నిలబడ్డాను, సోదరులారా!" అని గుండె బాదుకుంటే ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకునేవాళ్ళు.

"జున్ను, వదినా" అనేది ఫోర్తునాతా పక్కనున్న బాసిలియాతో. బాసిలియా కూడా అక్కడే సూపు అమ్ముకునే మనిషి. "అదీ పులిసిపోయిన జున్ను. నేను చెప్పాను దారిలోనే తినేసెయ్యమని."

ఊరు ఆయన్ని రోడ్లు, అంతర్జాతీయ సంబంధాల కార్యదర్శిగా ఎన్నుకుంది. భుజాన పదవికి గుర్తుగా కొరడా, జేబులో రబ్బరు సీలు. తోలాపంపాకి పొడి రేవు కావాలన్నది ఆయన పట్టు. నీళ్ళ రేవు ఎలాగూ లేదు కాబట్టి నేల మీద రేవు. అంటే పెద్ద ఏమీ కాదు, లారీలు నిలబడటానికి సిమెంటు మైదానం, ఒక గోడౌను, ఒక కస్టమ్స్ కిటికీ. అది ఇచ్చేదాకా రాస్తారోకో.

"సముద్రం పోయింది, సరే! రైలు పోయింది, సరే! ఈ రోడ్డు మీద పోయే ప్రతి లారీ మన ముక్కు కింది నుంచే పోతోంది. మనకేం మిగిల్చింది? దుమ్ము! పొడి రేవు వచ్చేదాకా ఒక్క చక్రం కదలనివ్వను. మా అమ్మ వచ్చి కాళ్ళ మీద పడ్డా దాటనివ్వను!"

"మీ అమ్మకి మోకాళ్ళ నొప్పులయ్యా, ఎక్కడికొస్తుంది?" అంది వెనక నుంచి ఫోర్తునాతా.

ఆడవాళ్ళు కిసుక్కుమన్నారు. మగవాళ్ళు వినపడనట్టు చప్పట్లు కొట్టారు.

రాళ్ళు పేర్చడంలో మాత్రం కాసిమీరోకి సాటి లేదు. ఏ రాయి ఎక్కడ పడాలో ఆయనే వేలు చూపించేవాడు. మోటార్‌సైకిల్ దూరేంత సందు కూడా వదిలేవాడు కాదు. ఒకసారి రాళ్ళు వరసగా పడ్డాయంటే ఆ గీత దాటడానికి లేదు. అది మా పద్ధతి. దాటినవాడికి ఊళ్ళో ముఖం చెల్లదు, నీళ్ళ కుళాయి కట్టేస్తారు, పండగకి పిలవరు. బాసిలియా కూతురి పెళ్ళివాళ్ళు కూడా గౌనుతో, వాయిద్యాలతో, కేకుతో సహా కొండ చుట్టి నడిచి వచ్చారు గానీ గీత దాటలేదు. ఇంటికొక మనిషి రాళ్ళ దగ్గర కూర్చోవాలి. మధ్యాహ్నం ఆడవాళ్ళు తారు రోడ్డు మీద పొడుగ్గా దుప్పట్లు పరిచి దుంపలూ చిక్కుడు గింజలూ జున్నూ కుప్ప పోస్తే, అందరూ చుట్టూ చేరి తింటారు. నోటినిండా తింటూనే దేశం ఆకలి గురించి మాట్లాడుకుంటారు.

దారి మూసేది మగవాళ్ళే అయినా అది మూసుకుని ఉండేది ఆడవాళ్ళ వంట వల్ల. ఖాళీ కడుపుతో రాయి దగ్గర పూట సేపు కూర్చునేవాడు మా ఊళ్ళో పుట్టలేదు. ఇది ఫోర్తునాతాకి తెలుసు. తెలిసీ అన్నిటికన్నా పెద్ద కుండ ఆవిడే మోసుకెళ్ళింది, ప్రతిసారీ. మోయకపోతే ఊళ్ళో బతకనివ్వరు.

రాస్తారోకో ముదిరితే రాజధాని నుంచి మంత్రి వచ్చేవాడు. సంతకాలు పెట్టేవాడు. ఆయన జుట్టు మీద రంగుకాగితాల ముక్కలు చల్లి, మెడలో దండలేసి, అందరూ కలిసి నాట్యం చేసేవాళ్ళు. ఒక మంత్రి పొడి రేవు ఇవ్వలేదు గానీ ఊరి మొగలో సిమెంటు తోరణం కట్టించాడు, పైన 'అంతర్జాతీయ ద్వారం' అని రాయించి. కట్టాక చూస్తే కంటైనర్ లారీ దాని కింద పట్టలేదు. ఎత్తు కొలవాలన్న ఆలోచన కట్టించినవాడికీ రాలేదు, కట్టినవాడికీ రాలేదు, రిబ్బన్ కత్తిరించినవాడికీ రాలేదు. అప్పట్నుంచి లారీలన్నీ రోడ్డు దిగి, మట్టిలో తోరణం చుట్టూ తిరిగి, మళ్ళీ రోడ్డెక్కేవి. కాసిమీరో దాని కింద నిలబడి ఫొటో దిగి ఇంట్లో గోడకి తగిలించాడు.

హిలారియో అనే ముసలి డ్రైవరు ఫోర్తునాతా తల్లి కాలం నుంచీ అక్కడే తినేవాడు. ఒకరోజు సూపు తాగుతూ గొంతు తగ్గించాడు.

"చెల్లెమ్మా, ఒక మాట. మీ ఆయనకి చెప్పకు."

"చెప్పినా ఆయన చెవికి ఎక్కదులే. కానియ్యి."

"మావాళ్ళు కొందరు ఊమానీ ఊరి మీంచి పోతున్నారు. పాత ఉప్పుదారి లేదూ, దొంగసరుకు వాళ్ళు తిరిగేది? వానలు లేనప్పుడు నేల గట్టిగానే ఉంటోంది. చుట్టూ తిరుగుడే అనుకో. కానీ అక్కడ రాళ్ళుండవు, ఉపన్యాసాలుండవు."

"మరి నువ్వు?"

"నీ సూపు కోసం ఇటొస్తున్నా. ఎన్నాళ్ళొస్తానో నాకే తెలీదు."

ఫోర్తునాతాకి తల్లి కుండ కట్టుకుని నడిచిన రోజు కళ్ళ ముందు కదిలింది. చెప్పొద్దన్నా మొగుడికి చెప్పింది.

"రోడ్డుకి కాళ్ళున్నాయటే, లేచిపోవడానికి?" అని నవ్వాడు కాసిమీరో.

"రోడ్డుకి లేవు. లారీలకి చక్రాలున్నాయి."

"ఇంకెక్కడికి పోతాయే? ఈ దేశంలోకి రావాలంటే తోలాపంపా తొక్కాల్సిందే. రాసిపెట్టుకో."

"నాకు రాయడం రాదులే. నీకు చూడటం వచ్చా?"

ఆ ఏడు వానలు ఆగగానే ఆయన ఎప్పుడూ లేనంత పెద్ద రాస్తారోకో పెట్టించాడు. పొడి రేవుతో పాటు నాలుగు వరసల రోడ్డు, విదేశాలకి బస్సులు పోయే స్టాండు కూడా కోరికల్లో చేర్చాడు. మొదట్లో లారీలు కొండ మలుపు దాకా బారులు తీరాయి. డ్రైవర్లు తిట్టారు, బతిమాలారు, నేల మీద బంతి ఆడారు. తరవాత వెనకవాళ్ళు ఒక్కొక్కరే బండి తిప్పుకోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున లేచి చూస్తే రాళ్ళకి అటూ ఇటూ రోడ్డు ఖాళీ.

"చూశారా!" అని చేతులు పైకెత్తాడు కాసిమీరో. "మనమంటే ఎంత భయమో చూశారా! ఒక్కడంటే ఒక్కడు రావట్లేదు!"

ఊరు ఊరంతా ఆ ఖాళీ రోడ్డు మీద బ్యాండు పెట్టి నాట్యం చేసింది. ఇంత బుద్ధితక్కువ నాట్యం ఫోర్తునాతా తన జన్మలో చూడలేదు. కుండ అక్కడే వదిలేసి, లామాలు మేసే కొండ ఎక్కింది. పైనుంచి చూస్తే అవతల, ఊమానీ వైపు, తెల్లటి నేల మీద సన్నటి దుమ్ము గీత. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. ఆవిడ అక్కడే కూలబడి, ఏడుపు రాక, నోటికొచ్చినట్టు తిట్టుకుంది. ఆ తరవాత కిందికి దిగి మొగుణ్ణి చొక్కా పట్టుకుని పైకి లాక్కొచ్చింది.

కాసిమీరో చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"సుడిగాలి" అన్నాడు.

"ఒకదాని వెనక ఒకటి క్యూలో పోయే సుడిగాలిని మీ తాతైనా చూశాడా?"

"గాలేనే. ఈ నెలలో అలాగే ఉంటుంది."

ఈసారి ఏ మంత్రీ రాలేదు. బుల్డోజర్లు మాత్రం ఊమానీకి వెళ్ళాయి. ఉప్పుదారికి కంకర పోశారు, తారు పోశారు, గీతలు కూడా గీశారు. ఈ సంగతి రేడియోలో విని కాసిమీరో అత్యవసర సభ పిలిచి, నిరసనగా రాస్తారోకోని రెట్టింపు చేయాలని తీర్మానం చేయించాడు. ఎవరూ రాని రోడ్డుకి ఇంకో వరస రాళ్ళు! చేతులెత్తి ఒప్పుకున్నారు అందరూ. సముద్రాన్ని ఎవరో లాక్కున్నారు, కానీ రోడ్డుని మాకు మేమే తోలేసుకున్నాం, పైగా తీర్మానం చేసి మరీ. కుక్కలు మాకన్నా నయం. రొట్టెలు పడటం మానేసిన వారానికే అవి లేచి ఊమానీ దారి పట్టాయి.

ఫోర్తునాతా ఊమానీకి మారిపోతానని కబురు చేస్తే, సామాను చేరుస్తానన్న హిలారియో మాట నిలబెట్టుకున్నాడు. ఒకరోజు పనిగట్టుకుని ఇటు వచ్చి, రాళ్ళకి అవతల లారీ ఆపి హారన్ కొట్టాడు. ఫోర్తునాతా కుండలూ నూరేరాయీ గిన్నెలూ అన్నీ మూటలు కట్టి గీత దగ్గరికి తెచ్చింది. కాసిమీరో ఒక్కడే ఉన్నాడు అక్కడ.

"నాలుగు రాళ్ళు జరుపు. నా పొయ్యి దాటాలి."

"నియమం అందరికీ ఒకటేనే."

"పెళ్ళానికి కూడానా?"

"మా అమ్మ వచ్చినా…"

"సరే, సరే" అంది ఫోర్తునాతా. "ఆ పాట నాకూ వచ్చు."

మూట వీపుకి కట్టుకుని కొండ చుట్టి నడిచింది. తిరిగొచ్చి ఇంకో మూట కట్టుకుంది. బాసిలియా తన సామాను కూడా కట్టుకుని వచ్చి చెయ్యి వేసింది. ఇద్దరాడవాళ్ళు పొద్దు తిరిగేదాకా ఆ కొండ చుట్టూ తిరుగుతుంటే, కాసిమీరో రాయి మీద కూర్చుని కొరడా మోకాళ్ళ మీద పెట్టుకుని చూశాడు. లేవలేదు. అంతవరకూ ఆ మనిషి మీద ఫోర్తునాతాకి కోపం ఉండేది, ఆ రోజుతో కోపం కూడా పోయి అసహ్యం మిగిలింది.

ఊమానీవాళ్ళు మంచివాళ్ళే. ఊరి పనులకి అందరితో పాటు రావాలన్న షరతు మీద రోడ్డు పక్కన చోటిచ్చారు. మట్టి ఇటుకలతో ఒక గది, రోడ్డు వైపు ఒక కిటికీ, ఒక గుమ్మం. వారం తిరక్కుండా లారీలు ఆగడం మొదలైంది. బాసిలియా పక్కనే కొట్టు వేసింది. వాళ్ళ వెనక తోలాపంపా నుంచి ఒక్కొక్క ఇల్లే కదిలి వచ్చింది. ఫోర్తునాతా మళ్ళీ మిరపకాయలు నూరుతూ తిట్టుకోవడం మొదలుపెట్టింది. తల్లి ఒకసారి బతుకు మార్చుకుంది, తనూ ఒకసారి మార్చుకుంది. మోకాళ్ళు అరిగిన ఈ వయసులో మూడోసారి ఈ కుండలు మోయడం తన వల్ల కాదు. ఈ రోడ్డు పోతే తనూ పోయినట్టేనని ఆవిడకి బాగా తెలుసు.

చలికాలం చివర్లో కాసిమీరో వచ్చాడు. చిక్కి సగమయ్యాడు. కొరడా భుజానే ఉంది, సీలు జేబులోనే ఉంది. వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ గిన్నె ముందు పెట్టింది. తిన్నాడు, మూల పడుకున్నాడు. నాలుగు రోజులు మనిషిలాగే ఉన్నాడు. కట్టెలు కొట్టాడు, నీళ్ళు తెచ్చాడు. బుద్ధొచ్చిందేమోనని ఫోర్తునాతా లోపల్లోపల ఆశపడింది కూడా. తరవాత ఒకనాడు గుమ్మంలో నిలబడి, పోయే లారీల్ని చూస్తూ మీసం నిమురుకున్నాడు.

"ఎన్ని పోతున్నాయో చూశావా? అన్నీ ఊమానీ ముక్కు కిందినుంచే."

ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది.

ఊమానీ సభలో ఆయన మాట్లాడితే ఊరు ఊగిపోయింది. జెండా చెత్తలో పడింది, ఆయన ఒక్కడే అడ్డం నిలబడ్డాడు, ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఇంత అనుభవం ఉన్న మనిషి మన ఊరికి రావడం మన అదృష్టం అన్నాడు ఊరిపెద్ద. పొడి రేవు ఇచ్చేదాకా రాస్తారోకో అని తేల్చారు. ఫోర్తునాతా లేచింది.

"అయ్యా, ఈయన రాళ్ళు పేర్చిన రోడ్డు మీద ఇప్పుడు గడ్డి మొలిచింది. ఎవరైనా వెళ్ళి చూసి రండి. ఆ లారీలే ఇవి. మళ్ళీ మూస్తే మళ్ళీ ఇంకో దారి వెతుక్కుంటాయి. అప్పుడు మీరు మా వెనకాల వస్తారా, కుండలు మోసుకుని?"

ఊరిపెద్ద చిన్నపిల్లకి చెప్పినట్టు చిరునవ్వు నవ్వాడు.

"తోలాపంపావాళ్ళకి ఐకమత్యం లేదమ్మా. మాకుంది."

అందరూ చప్పట్లు కొట్టారు. తోలాపంపా నుంచి వచ్చినవాళ్ళు కూడా కొట్టారు, సిగ్గులేక. ఫోర్తునాతా కూర్చుండిపోయింది.

మర్నాడు తెల్లారేసరికి కొత్త తారు మీద రాళ్ళు. కాసిమీరో వేలు చూపిస్తుంటే కుర్రాళ్ళు దొర్లించారు. మధ్యాహ్నానికి ఆడవాళ్ళు భోజనం పట్టుకు రావాలని చాటింపు వేశారు. ఫోర్తునాతా పొయ్యి వెలిగించలేదు. ఇంటి వెనక గోడకి మిగిలిన రాళ్ళుంటే ఒక్కొక్కటే మోసుకొచ్చి, తన గుమ్మానికి అడ్డంగా వరస పేర్చింది. పేర్చి, లోపల పీట వేసుకుని కూర్చుని, కదురు తీసుకుని లామా ఉన్ని వడకడం మొదలుపెట్టింది.

బాసిలియా వచ్చి చూసింది.

"ఏంటొదినా ఇది?"

"రాస్తారోకో."

"ఇంట్లోనా?"

"నా దారి నా ఇష్టం. మా అమ్మ వచ్చినా దాటనివ్వను."

బాసిలియా కాసేపు ఆ రాళ్ళ వంక చూసింది. పెళ్ళిగౌను ఎత్తిపట్టుకుని కొండ చుట్టి నడిచిన కూతురు గుర్తొచ్చిందో ఏమో, నవ్వింది. వెళ్ళి తన గుమ్మానికీ రాళ్ళు పెట్టింది. ఆమెని చూసి పక్కింటావిడ పెట్టింది. పన్నెండయ్యేసరికి ఆ వరసలో పొగ లేచిన ఇల్లు లేదు.

మగవాళ్ళు ఎండకి టోపీలు కళ్ళ మీదికి దించుకుని కూర్చున్నారు. దుప్పట్లు పరిచారు. దుప్పట్ల మీదికి ఏమీ రాలేదు. ఒకడు చూడటానికి వచ్చి బిక్కమొహంతో వెనక్కి పోయాడు. తరవాత అందరూ వచ్చారు, ముందు కాసిమీరో.

"ఏమే, ఏంటీ అల్లరి? రాళ్ళు తియ్యి."

"నియమం అందరికీ ఒకటే" అంది ఫోర్తునాతా, కదురు ఆపకుండా.

ఒక కుర్రాడు నవ్వుతూ రాయి మీదుగా కాలు ఎత్తాడు. కాసిమీరో చటుక్కున వాడి భుజం పట్టి వెనక్కి లాగాడు.

"రాయి దాటకూడదురా!" అన్నాడు. ఆ మాట ఎవరి తరఫున అన్నాడో అర్థమయ్యేసరికి ఆయన మొహం కందిపోయింది. గొంతు సవరించుకుని మర్యాద తెచ్చుకున్నాడు. "సరే. చర్చిద్దాం. ముందు కొంచెం విరామం ప్రకటించు, మావాళ్ళు తింటారు, తరవాత…"

"విరామం లేదు."

"నీ డిమాండ్ ఏంటి?"

"రోడ్డు."

"ఏ రోడ్డు?"

"తోలాపంపా రోడ్డు. నువ్వు పోగొట్టింది. దాన్ని తెచ్చి నా గుమ్మం ముందు పెట్టు, అప్పుడు తీస్తా."

"అది ఎలా కుదురుతుందే, పిచ్చిదానా?"

"సముద్రం లేనిచోట రేవే తెస్తానంటావు కదా అందరికీ. రోడ్డెంత నీకు?"

వెనకున్నవాళ్ళలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు సరిహద్దు క్యూలో డ్రైవర్లు నవ్వినట్టే ఉంది. కాసిమీరో నోరు తెరిచాడు. జెండా గురించి ఎత్తుకుందామని చూశాడు. ఆయన నోట మాట రాకపోవడం పెళ్ళయ్యాక అదే మొదటిసారి చూసింది ఫోర్తునాతా.

ఊమానీవాళ్ళ ఐకమత్యం పొద్దు వాలేదాకా కూడా నిలవలేదు. ముందు ఊరిపెద్దే గొర్రెలు చూసుకోవాలని జారుకున్నాడు. కుర్రాళ్ళు ఆకలికి తట్టుకోలేక రాళ్ళని తన్ని పక్కకి దొర్లించారు. లారీలు హారన్లు కొట్టుకుంటూ కదిలాయి. బాసిలియా నవ్వుతూ తన గుమ్మం తెరిచింది. ఫోర్తునాతా పొయ్యి వెలిగించింది గానీ గుమ్మం రాళ్ళు తీయలేదు. డ్రైవర్లకి కిటికీలోంచి గిన్నెలు అందించింది.

కాసిమీరో రోడ్డు పక్కన చివరికి మిగిలిన రాయి మీద కూర్చున్నాడు. ఇటు చూడలేదు. కాస్త దూరంలో ఒక నల్లకుక్క లారీల కోసం కూర్చుని ఉంది. ఎవరో డ్రైవరు, కాసిమీరో ఎవరో కూడా తెలియనివాడు, అలవాటుగా కిటికీలోంచి రొట్టె విసిరాడు. అది కుక్కకీ కాసిమీరోకీ మధ్య పడింది. ఆయన అటూ ఇటూ చూశాడు. కుక్క లేచేలోపల వంగి రొట్టె అందుకుని, ప్యాంటుకి తుడుచుకుని కొరికాడు.

కిటికీలోంచి ఫోర్తునాతా ఇదంతా చూసింది. ఎంత అసహ్యమున్నా, మంచి డ్రైవరు అని తను ఒప్పుకున్న మనిషి. గుమ్మం దగ్గరికి వెళ్ళి ఒక రాయి తీసింది. ఒక్కటే.

"ఏమయ్యా! నోరు బయట పెట్టి లోపలికి రా."

వచ్చాడు. పక్కకి తిరిగి ఆ సందులోంచి దూరి, కొరడా మూల పెట్టి, బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ నిండా సూపు పోసి, పైన మాంసం ముక్క వేసి ముందు పెట్టింది. ఆవురావురుమంటూ తిన్నాడు. ఆవిడ ఎదురుగా పీట మీద కూర్చుని చూసింది. సగం గిన్నె అయ్యాక తలెత్తి, గుమ్మం వైపు తేరిపార చూశాడు.

"నీకు పేర్చడం రాలేదే" అన్నాడు. "పెద్దరాళ్ళు కింద వేయాలి. అంత సందు వదిలితే మోటార్‌సైకిలు పోదూ? రేపు నేను…"

ఫోర్తునాతా గిన్నె లాక్కుంది. బయటికి వెళ్ళి, ఇందాక రొట్టె దక్కని కుక్క ముందు దాన్ని బోర్లించింది.